నడుము చిక్కిన టమాటా చెట్లు

మాది హిందూపురంలో అంగడి ఇల్లు. అనుమానించకుండా బతకడం మాకు చేతకాదు. తొంభైల్లో, నేనింకా కాలేజీలో చదువుతున్నప్పుడు, మా నాయన గల్లా దగ్గర కూర్చుని పసుపును అరచేతిలో రుద్ది చూసేవాడు. బెల్లం ముక్క నాలుక మీద వేసుకుని కళ్ళు మూసుకునేవాడు. సరుకు తెచ్చినవాడు నవ్వుతూ పలకరిస్తే ఇంకాస్త జాగ్రత్త పడేవాడు. ఆయన పోయాక అంగడి తమ్ముడికి వచ్చింది, అనుమానం అమ్మకూ నాకూ వచ్చింది. తమ్ముడికి అందులో పిసరంత కూడా రాలేదు.

రెండువేలు దాటాక నాకు పెనుకొండ హైస్కూల్లో జీవశాస్త్రం టీచరు ఉద్యోగం పడింది. మా ఆయన ఉద్యోగం అనంతపురంలో. వారమంతా నేను హిందూపురంలో పుట్టింట్లోనే ఉండి, పొద్దున ప్యాసింజర్ ఎక్కి పెనుకొండలో దిగేదాన్ని. ఆదివారం మా ఆయన వచ్చేవాడు. రాకపోతే ఎందుకు రాలేదా అని సోమవారం దాకా ఆలోచించేదాన్ని.

తమ్ముడు సరుకు కోసం బెంగుళూరు పోయి వస్తూ ఒకసారి ఊరి బయట ప్లాస్టిక్ పందిళ్ళ కింద మట్టి లేకుండా టమాటాలు పండించడం చూసొచ్చాడు. ఇంక వాడికి అదే లోకం. మిద్దె మీద తెల్ల పైపులు పరిచాడు. పైపులకు బొక్కలు కొట్టి, ఒక్కో బొక్కలో చిన్న జాలి బుట్ట పెట్టి, అందులో గుప్పెడు కొబ్బరిపొట్టు పోసి నారు నాటాడు. నీలం డ్రమ్ములో ఎరువు ఉప్పులు కలిపిన నీళ్ళు ఉండేవి. పాత కూలర్ మోటారు ఆ నీళ్ళను పైపుల్లోకి తోస్తే, అవి వేర్లను తడుపుకుంటూ పోయి మళ్ళీ డ్రమ్ములోకే వచ్చి పడేవి.

"హైడ్రోపోనిక్స్ అంటారక్కా. పిల్లకాయలకు చెప్పు నీ బళ్ళో" అన్నాడు నాతో.

"ట్యాంకరు నీళ్ళకు మనుషులు కొట్లాడి చస్తాంటే, నువ్వు చెట్లకు స్నానాలు చేపిస్తాండావా?" అంది అమ్మ.

అవే నీళ్ళు తిరుగుతాయి, మట్టిలో వేసిన చెట్టుకంటే తక్కువే ఖర్చవుతాయి అని వాడు ఎంత చెప్పినా అమ్మ నమ్మలేదు. రోజూ డ్రమ్ము మూత తీసి నీళ్ళ మట్టం చూసొచ్చేది. చెట్లు మాత్రం మేమెవరమూ ఎరగనంత జోరుగా ఎదిగాయి. మా వైపు వర్షాన్ని నమ్ముకున్న చేలల్లో టమాటా కాండం పుల్లలా ఉంటుంది. వీడి చెట్లకు చూస్తుండగానే బొటనవేలంత లావు వచ్చింది.

ఆ ఏడాదే వాడు పెళ్ళి చేసుకున్నాడు. మాకు చెప్పే చేసుకున్నాడు కానీ అడిగి చేసుకోలేదు. పిల్లది ధర్మవరం, పట్టుచీరలు నేసే ఇల్లు. అంగడి పని మీద ఆ ఊరికి పోతూ వస్తూ ఉన్న తమ్ముడు ఎప్పుడు ఏ వీధిలో ఆగిపోయాడో మాకు తెలియనే తెలియదు. మాకు తెలియకుండా ఒక పని జరిగిందన్నదే అమ్మకు పెద్ద దెబ్బ. పిల్లకు హారతి ఇచ్చి ఇంట్లోకి రానిచ్చింది కానీ నమ్మకంలోకి రానివ్వలేదు. కూరగాయలు తరగమనేది, పొయ్యి ముట్టించనిచ్చేది కాదు.

"ఈ పొద్దు కాకపోతే రేపు వాణ్ని ధర్మవరం లాక్కుపోతాది చూడు" అనేది నాతో, పిల్ల వినేంత దూరంలోనే.

ఆడబిడ్డను కదా, నేనూ మరదలి మీద ఒక కన్ను వేసి ఉంచాను. పొద్దున్నే లేచేది, తక్కువ మాట్లాడేది, చెప్పిన పని చేసేది. ఎక్కడా ఒక్క తప్పు దొరకలేదు. నాకు అదే అనుమానం.

ఎండాకాలం మొదట్లో చెట్లకు ఏదో అయింది. మధ్యాహ్నానికి తలలు వాల్చేవి, సాయంత్రానికి మళ్ళీ లేచేవి. తమ్ముడు ఎండ అనుకున్నాడు. తర్వాత ఆకులు పసుపు తిరిగాయి. ఒకరోజు గాలికి ఒక చెట్టు విరిగి, కాయలతో సహా మిద్దె మీద పడింది. నేను బడి నుంచి వచ్చేసరికి అమ్మ ఆ విరిగిన చెట్టును కిందికి తెచ్చి వసారాలో పెట్టి ఉంది.

"చదువుకున్నదానివి గదా. ఏమైందో చెప్పు" అంది.

నాకూ పౌరుషం వచ్చింది. బ్లేడు తీసుకుని కాండాన్ని పొడుగునా చీల్చాను. ఎండు తెగులైతే లోపల గోధుమరంగు చారలుండాలి. ఏమీ లేవు, పచ్చగా తడిగా ఉంది. పైకి పోయి బుట్ట ఎత్తి చూస్తే వేర్లు తెల్లగా ఉన్నాయి, జిగురు లేదు, కంపు లేదు. మొదలు దగ్గర కుళ్ళు లేదు. అంటే నీళ్ళ తప్పు కాదు, ఉప్పుల తప్పు కాదు, మోటారు తప్పూ కాదు. దెబ్బంతా మొదలుకు జానెడు పైన ఉంది. అక్కడ కాండం చుట్టూ గుండ్రంగా నొక్కుకుపోయి, తొక్క పగిలి గోధుమరంగుకు తిరిగింది. దాని పైభాగం ఉబ్బి ఉంది, ఆ ఉబ్బు మీద చిన్న చిన్న తెల్లని బొడిపెలు లేచాయి. ఆకుల్లో తయారైన ఆహారం తొక్క కింది నుంచి దిగుతూ అక్కడ ఆగిపోయిందన్నమాట. కిందికి దారి లేక చెట్టు అక్కడే కొత్త వేర్లు వేసుకోవాలని చూస్తోంది. వేర్లు పంపే నీళ్ళు కూడా ఆ ఇరుకులోంచే పైకి పోవాలి. మధ్యాహ్నం తలలు వాల్చడం అందుకే.

మిగతా చెట్లు చూశాను. వాలిన వాటన్నిటికీ అదే ఎత్తులో అదే నడుము. సరిగ్గా తమ్ముడు వాటిని వెదురు బద్దలకు కట్టిన చోట. వాడు కట్టింది పాత లుంగీ చింపిన పీలికలతో. నా వేలు పెట్టి చూస్తే పీలిక కింద సులువుగా దూరింది, అంత వదులుగా ఉంది. నొక్కింది పీలిక కాదు. విప్పి చూద్దామంటే తమ్ముడు ఒప్పుకోలేదు, ఆ కట్టు ఉండబట్టే నిలబడ్డాయి, విప్పితే అన్నీ కూలుతాయన్నాడు. అదీ నిజమే.

ఎలుక కొరికితే ఒక పక్క కొరుకుతుంది. పురుగైతే తొలుస్తుంది. చుట్టూ గుండ్రంగా, అన్నిటికీ ఒకే చోట దెబ్బ పడిందంటే అది మనిషి పని. నేను ఆ మాట పైకి అనేశాను. అనకుండా ఉండాల్సింది కానీ, తెలిసింది చెప్పకుండా ఉండటం నాకు చిన్నప్పటి నుంచీ రాదు.

అప్పటి నుంచి మా ఇంట్లో ఎవరి కళ్ళు ఎవరి మీద ఉన్నాయో చెప్పలేం. పక్క మిద్దె మీద వడియాలు పెట్టే ఆమె, మా పైపుల నీళ్ళు తన వైపు కారుతున్నాయని ఒకసారి గొడవపడింది. రెండు రోజులు ఆమెను అనుమానించాను. ఆమె పలకరించింది, అనుమానం పెరిగింది. ఆ భారీ మనిషి పిట్టగోడ దాటి వచ్చి ఒక్కో చెట్టు దగ్గర కూర్చుని గిచ్చడం ఎంత ఊహించుకున్నా కుదరక వదిలేశాను. తమ్ముడు ఎవర్నీ అనుమానించలేదు. నాకు వాడి మీదే చిరాకు వేసింది.

అమ్మ మాత్రం తిరగలేదు, వెతకలేదు. ఒకనాడు అన్నం పెడుతూ అందరి ముందూ అంది:

"చెట్ల సంగతి తేలనీ. బయటోళ్ళ పనైతే వాళ్ళతో కొట్లాడదాం. ఈ ఇంట్లో వాళ్ళ పనైతే, చేసినోళ్ళు ఈ ఇంట్లో ఉండొద్దు. వేరే బాడుగింటికి పోవల్ల."

ఈ ఇంట్లో వాళ్ళు అంటే ఎవరో చెప్పాల్సిన పని లేదు. మరదలు తల వంచుకుని వడ్డిస్తూనే ఉంది. తమ్ముడు చెయ్యి కడుక్కుని అంగడికి పోయాడు. ఆ పిల్ల కాపురం ఆ టమాటా చెట్లకు వేలాడుతోందని నాకు అప్పుడు అర్థమైంది. భయం వేసింది. కానీ ఆమె చేసి ఉండదని మాత్రం అనిపించలేదు.

ఒంటిపూట బడులు మొదలయ్యాయి. మధ్యాహ్నానికే ఇంటికొచ్చేదాన్ని. ఒకరోజు చెప్పులు విప్పుతుంటే మరదలు కొంగులో ఏదో దాచుకుని మిద్దె మెట్లెక్కడం కనిపించింది. అమ్మ పడుకుని ఉంది. నేను చప్పుడు చేయకుండా వెనకాలే ఎక్కి, తలుపు సందులోంచి చూశాను.

ఆమె వాలిపోయిన ఒక చెట్టు ముందు కూర్చుంది. దాన్ని పసిపిల్లను లేపినట్టు రెండు చేతులతో నిలబెట్టింది. పీలికను పైకి జరిపింది. చేతులు అక్కడే ఏదో చేశాయి, ఎంత చురుగ్గా అంటే నాకు వేళ్ళు కనిపించాయి గానీ పని కనిపించలేదు. తర్వాత తల వంచి, నోరు కాండానికి ఆనించి, పళ్ళతో కొరికింది.

చేతబడి, దిష్టి అంటే క్లాసులో పిల్లల్ని తిట్టే మనిషిని నేను. ఆ క్షణంలో నాకు తట్టినవన్నీ అవే. ఆమె లేచి ఇంకో చెట్టు దగ్గరికి పోయి మళ్ళీ అలాగే కొరికింది. తర్వాత పీలికను కిందికి జరిపి, ముద్దుగా సర్ది, దిగడానికి ఇటు తిరిగింది. నేను గబగబా దిగి వంటింట్లో చెంబు చేతిలో పెట్టుకుని నిలబడ్డాను.

అమ్మకు చెప్పలేదు. చెబితే సాయంత్రానికి ఆ పిల్ల పెట్టె వీధిలో ఉండేది. చూసింది చూశాను, ఏమిటో తెలియాలి కదా. మర్నాడు బడి ల్యాబులోంచి భూతద్దం అడిగి తెచ్చుకుని, అందరూ భోంచేశాక పైకెక్కాను. ఒక చెట్టును చేత్తో పట్టుకుని పీలిక విప్పేశాను. కింద ఆ ఇరుకైన నడుము తప్ప ఏమీ కనిపించలేదు. భూతద్దం పెట్టి బ్లేడు కొసతో ఆ గాడిని మెల్లగా కదిపాను. కొసకు ఏదో తగులుకుంది. లాగితే వెంట్రుకంత సన్నంగా, కాండం రంగులోనే, మెరుస్తూ పైకి వచ్చింది.

పట్టు దారం. పచ్చరంగు పట్టు. చుట్టు మీద చుట్టు వేసి, కనిపించనంత చిన్న ముడి. పళ్ళతో కొరికింది చెట్టును కాదు, ముడి వేశాక మిగిలిన దారం కొసను. మగ్గం మీద కూర్చునేవాళ్ళకు కత్తెర అందుకునే తీరిక ఎక్కడ?

ఊళ్ళో అందర్నీ అనుమానించాను కానీ పట్టును అనుమానించాలని నాకు తట్టలేదు. మా అమ్మ మడికి తడిబట్ట ఆరకపోతే పట్టుచీర కట్టుకుంటుంది, దానికి మైల లేదని. మా ఊళ్ళలో పట్టు తప్పు చేస్తుందని ఎవరూ అనుకోరు.

మరదల్ని పైకి పిలిచాను. దారం అరచేతిలో పెట్టి చూపించాను.

"ఇదేందమ్మా?"

"పట్టు వదినా."

"పట్టని తెలుస్తాంది. చెట్టు ఒంట్లో ఎందుకుండాది?"

"నేనే కట్టినా."

ఆమె బుకాయిస్తే ఏమడగాలో మెట్లెక్కుతూనే సిద్ధం చేసుకున్నాను. అవేవీ అక్కరలేకపోయాయి. నాబోటి వాళ్ళకు అంతకంటే నిరాశ ఉండదు.

"ఆ పీలికలు వదులుగా ఉండాయి, గాలికి చెట్లు శానా ఊగుతాండాయి. ఆయనకు ఇవంటే పానం గదా. మా ఇంట్లో మల్లెతీగకు ఇట్లే కడతాము, చీర కోసినాక మగ్గంలో మిగిలిన పోగులతో. పచ్చది ఏరి తెచ్చినా, కనపడకుండా ఉంటాదని. ఇప్పుడు వాలిపోతాంటే ఇంకా గట్టిగా కట్టల్లనుకున్నా." అంతలోనే నా ముఖం చూసి ఆగిపోయింది. "పట్టు మెత్తన గదా వదినా? ఏం చేస్తాది?"

మెత్తనే. కానీ సాగదు, తెగదు, వేసిన ముడి జారదు. నేతవాళ్ళ ముడి జారితే చీరే పోతుంది కాబట్టి ఆ వేళ్ళకు వదులుగా కట్టడం రాదు. వాళ్ళింటి మల్లెతీగ మట్టిలో, ఊరి నీళ్ళతో, ఏళ్ళ తరబడి నిదానంగా లావెక్కింది. ఈ చెట్లు ఎరువునీళ్ళు తాగుతూ వారం వారం ఉబ్బుతున్నాయి. దారం ఉన్నచోట ఉంది, కాండం దాని చుట్టూ పెరిగి దాన్ని మింగేసింది. ఇదంతా చెబుతుంటే ఆ పిల్ల రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు కోపం రాలేదు. చాలా జాలి వేసింది. ఆ మాటా చెప్పాను.

అప్పుడే పనిలోకి దిగాం. డెట్టాలు నీళ్ళలో బ్లేడు ముంచి, ముడికి ఎదురు పక్కన దారాన్ని ఒక్కో చుట్టు చొప్పున తెంపాను. పైకి వచ్చినంత దారం తీశాను. కాండం లోపలికి పోయిన దాన్ని లాగలేదు, లాగితే ఉన్న కాస్త తొక్కా ఊడొస్తుంది. చీపురు లోంచి గట్టి ఈనెలు ఏరి, దెబ్బకు అటూ ఇటూ కట్టుపుల్లల్లా పెట్టి, నూలు పీలికతో వదులుగా చుట్టాం. ఆ పీలికలు నేనే కట్టాను, ఆమెను కట్టనివ్వలేదు. ఉబ్బు మీద వేర్ల బొడిపెలున్న చోట తడిపిన కొబ్బరిపొట్టు పెట్టి నల్ల ప్లాస్టిక్ కవరుతో మూశాం. చెట్టు వేసుకోవాలనుకుంటున్న వేర్లను అక్కడే వేసుకోనిచ్చి, తర్వాత వాటిని నీళ్ళలోకి దించాలని నా ఉపాయం. కాయలన్నీ కోసెయ్యమన్నాను, బరువు తగ్గాలని. పచ్చికాయలు కోస్తూ ఆమె ఏడ్చింది. ఎండ పడకుండా పైన పాత పంచె కట్టాం.

"అత్తకు చెప్తావా వదినా?"

"నువ్వు సుమ్నే ఉండు, నోరు మెదపొద్దు. నేను చూసుకుంటా."

దీపాలు పెట్టే వేళకు తమ్ముడు వచ్చాడు. అమ్మ వసారాలో చాటలో బియ్యం చెరుగుతోంది. ఏమన్నా తేలిందా అని తనే అడిగింది. పైపు అంచు కాండానికి ఒరుసుకుని కోసుకుపోయిందమ్మా, ఎవరి తప్పూ లేదు అన్నాను. టీచర్లం, తెలియనిది కూడా తెలిసినట్టు చెప్పగలం. తమ్ముడు నమ్మేశాడు.

అమ్మ చాట పక్కన పెట్టింది. కొంగు ముడి విప్పి, అందులోంచి పచ్చ పట్టు దారం తీసి నా ముందు పెట్టింది.

"ఇదీ పైపుదేనా?"

విరిగిన మొదటి చెట్టుది అది. దారం తీసి దాచుకున్నాకే ఆ చెట్టును నా చేతికిచ్చి, చదువుకున్నదానివి చెప్పు అంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"నీకు ఎప్పటి నుంచి తెలుసు?"

"కట్టిన పొద్దే చూసినా, మెట్ల మీద నుంచి."

"కోసుకుపోతాందని తెలిసీ చెప్పలేదా?"

"చెప్తే ఏం తెలుస్తాది? మనిషి ఎట్లాంటిదో, యాడిదాకా పోతాదో చూడల్ల గదా."

"అమ్మా, నా చెట్లు చస్తాంటే చూస్తా కూర్చున్నావా?" అన్నాడు తమ్ముడు. వాడి గొంతు అట్లా వినడం నాకు అదే మొదలు.

మరదలు గడప దగ్గర నిలబడి అంతా వింది. ఆమె ముఖంలో కోపం లేదు. నిజంగానే అర్థం కాక అడిగింది:

"చెప్పింటే ఆ పొద్దే విప్పేసేదాన్ని గదత్తా?"

అమ్మ బియ్యం వైపు చూసింది, వీధి వైపు చూసింది.

"ఇంట్లో వాళ్ళ పనైతే వేరే ఇంటికి పోవల్లంటివి గదత్తా. పని నాదే. పోతాము."

"నేనేదో మాటకంటి. నిన్నెవరు పొమ్మన్నారిప్పుడు?" అంది అమ్మ గాభరాగా.

"చెట్లు వేర్లు పోసుకునేదాకా ఉంటాము. ఇప్పుడు వదిలేస్తే చస్తాయి" అని మరదలు లోపలికి పోయి, పొయ్యి ముట్టించింది. అమ్మ వద్దనలేదు.

కొన్ని చెట్లు పోయాయి. ఎక్కువ బతికాయి. నల్ల కవర్లలో తెల్లటి వేర్లు గుబురుగా వచ్చాయి. కాండాల్ని వంచి, ఆ వేర్లను బొక్కల్లోంచి నీళ్ళలోకి దించాం. కరెంటు పోయినప్పుడల్లా మరదలు మగ్గుతో నీళ్ళు పోసేది. అమ్మ కూడా పైకొచ్చి, నేను పోస్తాలే అని చెయ్యి చాచేది. మరదలు మగ్గు ఇచ్చేది. చెట్లు మళ్ళీ పూత పట్టాక తమ్ముడూ మరదలూ ధర్మవరంలో బాడుగింటికి మారారు. అమ్మ ఏది జరుగుతుందని భయపడిందో సరిగ్గా అదే జరిగింది, అమ్మ చేతుల మీదుగానే జరిగింది. తమ్ముడు రోజూ రైల్లో వచ్చి అంగడి తెరిచి, రాత్రికి వెళ్ళిపోయేవాడు.

మరదలు రాకుండా మానలేదు. పండక్కి వచ్చేది, అమ్మ కాళ్ళకు మొక్కేది, వంటంతా తనే చేసి, నవ్వుతూ వడ్డించి, సాయంత్రం రైలుకు పోయేది. మరుసటి ఏడాది ఉగాదికీ అంతే. వాళ్ళు వీధి మలుపు తిరిగేదాకా గుమ్మంలో నిలబడి, అమ్మ నన్ను అడిగింది:

"పాపా, ఆ నవ్వు నిజమేనంటావా?"

నిజమేనమ్మా అన్నాను. అమ్మ నా ముఖంలోకి చాలాసేపు చూసింది.